పాత రెట్రో క్రూజర్ కొనే ముందు ఏమేం చూడాలి (యమహా డ్రాగ్ స్టార్ 650 క్లాసిక్)

బ్రదర్, మీరడిగింది ఇదే కదా: 2005 మోడల్ యమహా డ్రాగ్ స్టార్ 650 క్లాసిక్ ఒకటి అమ్మకానికి ఉంది, తిరిగింది 19,000 కిలోమీటర్లే అంటున్నారు, సింగిల్ ఓనర్, మూడేళ్ళుగా షెడ్డులోంచి బయటికి తియ్యలేదు, వైట్‌వాల్ టైర్లు (పక్క గోడ మీద తెల్ల పట్టీ ఉన్నవి), లెదర్ బ్యాగులు, బయట కొని వేసిన సైలెన్సర్లు, ఫొటోల్లో తళతళా మెరుస్తోంది, ఓనరేమో "చాలామంది అడుగుతున్నారు, అడ్వాన్స్ పంపితే మీకోసం ఆపుతా" అంటున్నాడు, కొనొచ్చా వద్దా అని. అడ్వాన్స్ మాత్రం పంపకండి. బండి వెళ్ళి చూడండి, చూడదగ్గ బండే. ఎలా చూడాలో వివరంగా చెప్తా, కాస్త పెద్దదే అవుతుంది, కానీ ఇంత డబ్బు పెట్టి కొనే ముందు ఓ పావుగంట చదవడం పెద్ద పనేం కాదు.

ముందు ఈ రకం బళ్ళ గురించి ఒక సంగతి బుర్రలోకి ఎక్కించుకోవాలి. రెట్రో క్రూజర్‌కి, అంటే పాతకాలం రూపంలో చేసిన, నింపాదిగా కూర్చుని నడిపే బండికి, రెండు వయసులు ఉంటాయి. ఒకటి డిజైనర్ కావాలని పెట్టిన వయసు, అంటే నీటిబొట్టు ఆకారం ట్యాంకు, టైరుని సగం దాకా కప్పేసే మడ్‌గార్డులు, పెద్ద హెడ్‌లైటు, పుల్లల చక్రాలు, ఇవన్నీ చూసి మనకి పాతకాలం బండి అనిపిస్తుంది. రెండోది నిజంగా గడిచిన కాలం తెచ్చిన వయసు, అది రబ్బరులో, వైర్లలో, ట్యాంకు లోపల, ఆయిళ్ళలో ఉంటుంది. అమ్మేవాడు ఎప్పుడూ మొదటి వయసునే ఫొటో తీసి పెడతాడు, మీరు వెళ్ళి చూడాల్సింది రెండోది. ఈ బళ్ళలో దాన్ని చూడ్డం కష్టం కూడా, ఎందుకంటే లోపలున్నవి కనబడకుండా దాచడమే ఈ డిజైన్‌లో అసలు పనితనం. హార్లీ వాళ్ళు 1984లో సాఫ్టెయిల్ తెచ్చినప్పుడు వెనక సస్పెన్షన్ని గేర్‌బాక్స్ కింద దాచేసి, అసలు షాక్ అబ్జార్బర్లే లేని పాత ఫ్రేమ్‌లా కనబడేట్టు చేశారు. కవాసాకి 1999లో వల్కన్ డ్రిఫ్టర్ తెచ్చింది, చూస్తే 1940ల నాటి ఇండియన్ చీఫ్ అనుకుంటారు. ట్రయంఫ్ బాన్విల్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టినప్పుడు ఆ భాగాల్ని కార్బ్యురేటర్ల (పెట్రోలుని గాలితో కలిపే పాత పద్ధతి పరికరాల) ఆకారంలో తయారు చేశారు. హోండా షాడో 750 అయితే చల్లార్చేది నీళ్ళతో, కానీ సిలిండర్ల మీద గాలికి చల్లారే ఇంజిన్‌లా ఫిన్స్ ఉంటాయి, రేడియేటరేమో ఫ్రేమ్ ముందు పైపుల మధ్య నల్లగా ఇరుక్కుని ఉంటుంది, దాంట్లో కూలెంట్ ఉందో లేదో చూడకుండానే బండి కొనేసేవాళ్ళు చాలామంది. కాబట్టి ఇలాంటి బండి దగ్గరికి వెళ్ళేటప్పుడు కంటికి కనబడేదాన్ని కాసేపు పక్కన పెట్టాలి.

ఇక మీ డ్రాగ్ స్టార్ సంగతి. మంచి బండిని ఎంచుకున్నారు, ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నా. 649 సీసీ, గాలితో చల్లారే వి-ట్విన్, రెండు సిలిండర్ల మధ్య 70 డిగ్రీల కోణం, విరాగో 535 ఇంజిన్ వంశమే ఇది. ఐదు గేర్లు, రెండు కార్బ్యురేటర్లు, వెనక చక్రానికి చెయిన్ బదులు షాఫ్ట్. టాపెట్లు (వాల్వుల సందు సర్దే భాగాలు) స్క్రూ, లాక్‌నట్ పద్ధతి కాబట్టి సర్దుబాటుకి ఖరీదైన షిమ్ములేం (పల్చని బిళ్ళలు) అక్కర్లేదు, తెలిసిన మెకానిక్ ఎవరైనా చేస్తాడు. కూలెంట్ లేదు, సెన్సర్ల గోల పెద్దగా లేదు. పవర్ నలభై గుర్రాల చుట్టుపక్కలే, కాబట్టి ఎగిరి దూకే బండి కాదు, కానీ సీటు తక్కువ ఎత్తు, 710 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, రెండు కాళ్ళూ నిండుగా నేలమీద ఆనతాయి, అందుకే 220 కిలోల పైన బరువున్నా భయం వెయ్యదు. ఆయిల్ టైముకి మార్చినవాడి చేతిలో ఈ ఇంజిన్ చాలా దూరం పోతుంది, 19,000 దానికి ఒక లెక్కే కాదు.

అయితే నన్ను ఆలోచింపజేసింది ఆ 19,000 కాదు, ఆ మూడేళ్ళు. చాలామంది తక్కువ కిలోమీటర్లు చూడగానే సంతోషపడిపోతారు. నా అభిప్రాయం అడిగితే, బిల్లులు దాచుకుని, ప్రతీ ఏడూ తిప్పుతూ 50,000 కిలోమీటర్లు చేసిన బండి, కదలకుండా నిలబెట్టిన 19,000 బండి కంటే మేలు. నిలబెట్టిన బండిలో పెట్రోలు ఆవిరై జిగురవుతుంది, సీళ్ళు ఎండిపోతాయి, బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది, టైర్లు గట్టిపడిపోతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది. ఇవేవీ ఓడోమీటర్‌లో కనబడవు. అందుకని ముందు టైర్లతో మొదలుపెట్టండి.

టైరు పక్క గోడ మీద డాట్ అని మొదలయ్యే కోడ్ ఉంటుంది, చివర నాలుగు అంకెలు చూడండి, మొదటి రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. పూర్తి కోడ్ టైరుకి ఒక పక్కనే ఉండొచ్చు, రెండో పక్కకి కూడా వంగి చూడాల్సిందే. ట్రెడ్ ఎంత లోతున్నా సరే, పదేళ్ళ టైరు అయితే మార్చాల్సిందేనని లెక్క వేసుకోండి, ఎందుకంటే రబ్బరు గట్టిపడ్డాక తడి రోడ్డు మీద పట్టు ఉండదు, ఈ బరువున్న బండికి అది ప్రాణం మీదికి తెస్తుంది. మీ బండికి పుల్లల చక్రాలు కాబట్టి లోపల ట్యూబులుంటాయి, వాటి వయసు కూడా అంతే, వాటినీ మార్చాలి. ఇంకో సంగతి, ఆ తెల్ల పట్టీ నిజంగా వైట్‌వాల్ టైరేనా, లేక రిమ్ముకీ టైరుకీ మధ్య ఇరికించిన తెల్ల రబ్బరు రింగులా అని చూడండి. రింగులైతే తిరుగుతున్నప్పుడు టైరు గోడని రాపాడి కోసేస్తాయి, లేపి చూస్తే గీతలు కనబడతాయి. పనిలో పనిగా చిన్న స్పానర్‌తో పుల్లలన్నిటినీ ఒక్కొక్కటి తట్టుకుంటూ పోండి, అన్నీ దాదాపు ఒకే రకంగా టింగ్ మనాలి, ఏదైనా డబ్ మని మొద్దుగా మోగితే అది వదులైపోయిందని. పుల్లలు రిమ్ములో కూర్చునే నిప్పుల్స్ దగ్గర తుప్పు పట్టి బిగుసుకుపోతే ఇక వాటిని సర్దడం కుదరదు, చక్రం మళ్ళీ కొత్తగా అల్లించాలి, అది ఖర్చుతో కూడిన పని.

రబ్బరు గురించే ఇంకా: ముందు బ్రేక్ గొట్టం. యమహా వాళ్ళ లెక్క ప్రకారమే బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి, గొట్టం నాలుగేళ్ళకోసారి మార్చాలి. ఇరవై ఏళ్ళ బండికి కంపెనీ గొట్టమే ఉంటే వంచి చూడండి, సన్నని పగుళ్ళు కనబడతాయి. మాస్టర్ సిలిండర్ మీద ఉన్న కిటికీలోంచి ఆయిల్ రంగు చూడండి, లేత తేనె రంగులో ఉంటే పర్లేదు, కాఫీ రంగులో ఉంటే ఎన్నేళ్ళుగానో ముట్టుకోలేదన్నమాట. వెనక డ్రమ్ము బ్రేకు, దాని లివర్ దగ్గర అరుగుదల చూపించే చిన్న ముల్లు ఉంటుంది, పెడల్ తొక్కించి అది గీత చివరికి చేరుతోందా అని చూస్తే చాలు.

ఇప్పుడు అసలు సమస్య వచ్చే చోటు, ట్యాంకూ కార్బ్యురేటర్లూ. టార్చి తీస్కెళ్ళండి. మూత తీసి లోపల నాలుగు మూలలా వెయ్యండి, ముఖ్యంగా పై కప్పుకి లోపలి వైపు, ఎందుకంటే సగం ఖాళీగా వదిలేసిన ట్యాంకులో తుప్పు అక్కడే మొదలవుతుంది. లోపల బూడిద రంగు ఇనుము కనబడితే బంగారం. నారింజ రంగు పొడి ఉంటే అది పెట్రోలుతో పాటు కిందకి దిగి కార్బ్యురేటర్లో జెట్లని (పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రాలని) మూసేస్తుంది. వాసన కూడా చూడండి, పాడైన పెట్రోలుకి పుల్లటి వార్నిష్ వాసన వస్తుంది, ఒక్కసారి పీల్చినవాళ్ళు మర్చిపోరు. అమ్మేవాడు "ట్యాంకు లోపల కోటింగ్ వేయించాను" అంటే సంతోషపడిపోకండి, ఎందుకు వేయించాల్సి వచ్చిందో అడగండి, ఆ కోటింగ్ పెచ్చులుగా ఊడుతోందేమో చూడండి, ఊడిన పెచ్చులు తుప్పు కంటే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. ఎక్కువ రోజులు నిలబెట్టిన కార్బ్యురేటర్ బళ్ళలో ఫ్లోట్ నీడిల్ (కార్బ్యురేటర్లోకి పెట్రోలు ఎక్కువ రాకుండా ఆపే సూది) సరిగ్గా మూసుకోకపోతే పెట్రోలు మెల్లగా సిలిండర్లోకి, అక్కణ్ణించి ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ లెవెల్ ఉండాల్సిన దానికంటే పైకి ఉన్నా, మూత తీసి వాసన చూస్తే పెట్రోలు కొట్టినా ఆ ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని మర్యాదగా చెప్పండి. పల్చబడిన ఆయిల్‌తో తిప్పితే బేరింగులు పోతాయి. అందుకే స్టార్ట్ చెయ్యకముందే ఈ రెండూ చూడాలి, తర్వాత కాదు.

స్టార్ట్ దగ్గరికి వచ్చాం. వెళ్ళే ముందు రోజే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దండి" అని చెప్పండి. వెళ్ళగానే మాటల్లో పెట్టి సిలిండర్ మీద చెయ్యి వెయ్యండి, వెచ్చగా ఉంటే ముందే తిప్పి పెట్టాడు. దానికి కారణం మామూలుదే కావచ్చు, కానీ చల్లని ఇంజిన్ ఎలా లేస్తుందో మీరు చూడాలి కాబట్టి కాసేపు ఆగండి లేదా ఇంకో రోజు వెళ్ళండి. చల్లగా ఉన్నప్పుడు చోక్ వేసి సెల్ఫ్ కొడితే రెండు మూడు సెకన్లలో అందుకోవాలి. సెల్ఫ్ నొక్కగానే గరగరమని పళ్ళు జారుతున్న శబ్దం వస్తే స్టార్టర్ క్లచ్ అరిగిందని అనుమానించండి, అది ఇంజిన్ పక్క కవర్ విప్పి చేసే పని. లేచాక ఓ రెండు నిమిషాలకి చోక్ తీసేస్తే ఐడిల్ (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ నడవడం) నిలబడాలి. చోక్ తియ్యగానే ఆగిపోతూ, చోక్ మీద మాత్రమే నడుస్తుంటే పైలట్ జెట్లు (ఐడిల్‌కి పెట్రోలిచ్చేవి) మూసుకున్నాయి, కార్బ్యురేటర్లు దింపి శుభ్రం చెయ్యాలి. దీన్ని చూసి బండి వదిలేయక్కర్లేదు, రెండు కార్బ్యురేటర్లు విప్పి, కడిగి, రెంటినీ సమానంగా సర్దే కూలి ఎంతవుతుందో కనుక్కుని ధరలోంచి తియ్యమనండి.

ఇంజిన్ నడుస్తుండగా రెండు సిలిండర్ల ఎగ్జాస్ట్ పైపుల మీద, మొదలు దగ్గర, చెరో నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించండి. రెండూ ఒకేలా చుయ్ మనాలి. ఒకటి చల్లగా ఉంటే ఆ సిలిండర్ పనిచెయ్యట్లేదు. వి-ట్విన్‌ని కొత్తగా చూసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు, ఒక్క సిలిండర్ మీద డుగ్ డుగ్ మంటూ నడుస్తుంటే అదే క్రూజర్ సౌండ్ అనుకుంటారు. పొగ సంగతి మీకు తెలిసే ఉంటుంది: స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో నీలం పొగ కాస్త వచ్చి ఆగితే వాల్వ్ సీళ్ళు పోయాయని, రైజ్ చేసినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు పోయాయని, నల్లటి పొగ అయితే పెట్రోలు ఎక్కువ తాగుతోందని. గాలితో చల్లారే ఇంజిన్ కాబట్టి తెల్లటి పొగ మొదట్లో వచ్చి పోతే అది తేమ మాత్రమే.

కార్బ్యురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు మ్యానిఫోల్డులుంటాయి, ఇవి ఈ వయసుకి పగులుతాయి. ఓనరుని అడిగి, ఇంజిన్ ఐడిల్లో ఉండగా వాటి చుట్టూ నీళ్ళ స్ప్రే కొట్టండి, ఐడిల్ మారితే గాలి లాగుతోంది. మంటపట్టే స్ప్రేలు వేడి ఇంజిన్ దగ్గర వాడొద్దు.

సైలెన్సర్ల గురించి కాస్త గట్టిగానే చెప్తా, ఎందుకంటే ప్రకటనల్లో దాన్ని ప్లస్ పాయింట్‌లా రాస్తారు, నా దృష్టిలో కాదు. కార్బ్యురేటర్ బండికి ఓపెన్ సైలెన్సర్ వేసి జెట్లు మార్చకపోతే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయ్యి ఇంజిన్ లీన్‌గా, వేడిగా నడుస్తుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా సైలెన్సర్లో పటపట పేలుతుంటే అది ఒక గుర్తు, అయితే ఎగ్జాస్ట్ జాయింట్ లీకైనా, ఎగ్జాస్ట్‌లోకి గాలి పంపే ఎయిర్ ఇండక్షన్ సిస్టమ్ తేడా చేసినా అలాగే పేలుతుంది, కాబట్టి ఒక్కదాని మీదే నింద వెయ్యొద్దు. స్పార్క్ ప్లగ్ విప్పి చూపించమనండి, లేత గోధుమ రంగు మంచిది, సున్నంలా తెల్లగా ఉంటే లీన్. పైపు మొదటి వంపు దగ్గర నీలం రంగు తేలడం మామూలే, కానీ అది బాగా కిందదాకా పాకితే వేడి ఎక్కువైంది. ఇక అసలు ప్రశ్న, కంపెనీ సైలెన్సర్లు దాచి ఉంచారా? ఉంచితే బండితో పాటు ఇవ్వాల్సిందే అనండి. అవి లేకుంటే శబ్దం నిబంధనల దగ్గర, బీమా దగ్గర, రేపు మీరు అమ్మేటప్పుడు మీకు తలనొప్పి. మోడల్ ఆగిపోయింది కాబట్టి కంపెనీ సైలెన్సర్ల సెట్టు వెతుక్కోవడం అంత తేలిక కాదు.

విడిభాగాల మాట వచ్చింది కనక చెప్తున్నా, అరిగే సామాను, అంటే ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు, బ్రేక్ షూలు, సీళ్ళు, కేబుళ్ళు, వీటికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా అందానికి సంబంధించిన వాటితో, ట్యాంకు, మడ్‌గార్డులు, ట్యాంకు మీద మీటరు ఉండే కన్సోలు. అందుకే ఈ బండికి సొట్టలు, పగుళ్ళు మామూలు బండికంటే ఎక్కువ నష్టం. మడ్‌గార్డులు, ట్యాంకు ఇనుపవే కాబట్టి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళి అంతటా జరపండి, ఎక్కడైనా పట్టు సడలితే అక్కడ పుట్టీ పెట్టి రంగేశారు. క్రోమ్ కూడా రెండు రకాలు. ఇనుము మీద క్రోమ్‌కి పైపైన తుప్పు ఉంటే తోమితే పోతుంది. చిన్న చిన్న కవర్లలో కొన్ని ప్లాస్టిక్ మీద క్రోమ్ పూత వేసినవి ఉంటాయి, అది పొట్టులా లేవడం మొదలైతే తోమి బాగుచేసేది లేదు, ఆ ముక్క మార్చుకోవడమే.

పడిన బండా కాదా అన్నది. బరువైన బండి కాబట్టి నిలబడినచోట పక్కకి ఒరగడం దాదాపు ప్రతీ క్రూజర్ జీవితంలో జరుగుతుంది, క్రాష్ గార్డు మీద, లివర్ చివర బంతి మీద, బ్యాగు అంచు మీద గీతలుంటే దానికి కంగారు పడొద్దు. ఫుట్‌బోర్డు అడుగున రాపిడి ఉంటే అదసలు ప్రమాదమే కాదు, మలుపుల్లో వంచి నడిపిన గుర్తు, ఈ బళ్ళకి నేల తొందరగా తగులుతుంది. చూడాల్సింది వేరే ఉంది. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు ఆగే చోట ఫ్రేమ్ మీద చిన్న ఆపులుంటాయి, అవి సొట్టపోయినా, విరిగినా, వెల్డింగ్ చేసినట్టున్నా, లేక ఆ చోటికి మాత్రమే కొత్త రంగున్నా ఆ బండి ముందు నుంచి గట్టిగా గుద్దుకుంది, ఇక మిగతావి చూడకుండా వచ్చెయ్యండి. తర్వాత ముందు చక్రం నేల నుంచి లేపి (ఎవరినైనా సాయం తీసుకుని, కింద గట్టి స్టాండ్ పెట్టి) హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలోకి వచ్చేసరికి గాట్లో పడినట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. ఫోర్కు కింది కొసలు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టక్ టక్ మన్నా అదే. ఫోర్కు రాడ్ల మీద గోరు పెట్టి పై నుంచి కిందకి గీయండి, తుప్పు గుంటలు తగిలితే కొత్త ఆయిల్ సీళ్ళు వేసినా మళ్ళీ కోసుకుపోతాయి, రాడ్లకే మెరుగు పెట్టాలి లేదా మార్చాలి. క్లాసిక్ మోడల్లో ఫోర్కు పైభాగం క్రోమ్ కవర్ల కింద ఉంటుంది, కవరు అంచు దగ్గర వేలు పెట్టి చూడండి.

షాఫ్ట్ డ్రైవ్ గురించి తొందరగా చెప్పేస్తా. "షాఫ్ట్ కదా, మెయింటెనెన్స్ లేదు" అని అమ్మేవాళ్ళు అంటారు, తక్కువ అనాలి గానీ లేదనకూడదు. వెనక చక్రం దగ్గర గేర్ డబ్బాలో వేరే ఆయిల్ ఉంటుంది, అదీ మార్చాలి, మార్చిన బిల్లు ఉందేమో అడగండి. వెనక టైరు మార్చినప్పుడల్లా చక్రం షాఫ్ట్‌తో కలిసే చోట పళ్ళు శుభ్రం చేసి గ్రీజు పెట్టాలి, చాలామంది టైరు వేసేవాళ్ళు పెట్టరు. మొదటి గేర్లో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ కదిపితే కాస్త లూజు మామూలే, కానీ గట్టిగా ఠంగ్ మని ఇనుము కొట్టుకున్న శబ్దం వస్తే ఆ పళ్ళు తిన్నాయేమో విప్పి చూడాలి.

కరెంటు పని. చిన్న మల్టీమీటర్ ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల పైన ఉండాలి, స్టార్ట్ చేసి కాస్త రైజ్ చేసినప్పుడు 14 దగ్గరికి రావాలి. 13 దాటకపోతే ఛార్జింగ్ లేదు, 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, అది కొత్త బ్యాటరీని కూడా ఉడికించేస్తుంది. అదనపు ఫాగ్ లైట్లు, ఇంకేవో హంగులు పెట్టి ఉంటే సీటు విప్పించి వైర్లు చూడండి. టేపు చుట్టిన అతుకులు, రంగు మారి కరిగిన ప్లగ్గులు కనబడితే గుర్తుపెట్టుకోండి, పాత బండిలో వైరింగ్ తప్పు వెతకడానికి పట్టే టైము ఇంజిన్ పనికి కూడా పట్టదు.

నడిపి చూడకుండా కొనొద్దు. బీమా ఉందో లేదో ముందే అడిగి, హెల్మెట్ మీదే పట్టుకెళ్ళి, ఓ పదిహేను ఇరవై నిమిషాలైనా నడపండి, ఇంజిన్ బాగా వేడెక్కాక మళ్ళీ ఐడిల్ చూడాలి, చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక ఆగిపోయే బళ్ళుంటాయి. టాప్ గేర్లో మెల్లగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పండి, శబ్దం పెరిగి వేగం పెరక్కపోతే క్లచ్ జారుతోంది. ప్రతీ గేరూ కాస్త లోడు మీద లాగించండి, ముఖ్యంగా రెండోది, టక్కున బయటికి ఎగిరిందంటే గేర్‌బాక్స్ విప్పే పని, వి-ట్విన్‌కి అంటే ఇంజిన్ దింపాల్సిందే. ఖాళీ తిన్నని రోడ్డు మీద చేతులు తియ్యకుండా పట్టు మాత్రం వదులు చేసి, వేగం 70 నుంచి 40కి తగ్గుతున్నప్పుడు హ్యాండిల్ ఊగుతోందా చూడండి, ఊగితే కోన్ సెట్టో, ఎగుడుదిగుడుగా అరిగిన ముందు టైరో. బండి ఒక పక్కకి లాగితే చక్రాల వరస తప్పింది. ముందు బ్రేకు పట్టినప్పుడు లివర్ చేతిలో కొట్టుకుంటుంటే డిస్కు వంగింది. ఈ బండికి ముందు ఒకే డిస్కు కాబట్టి కొత్త బళ్ళలా టక్కున ఆగదు, కాస్త గట్టిగా పట్టాలి, వెనక బ్రేకు కూడా కలిపి వాడాలి, అది లోపం కాదు.

కాగితాలు ఆఖర్న చెప్తున్నా గానీ చూడ్డం మాత్రం మొదటే చూడండి. ఫ్రేమ్ నంబరు హ్యాండిల్ కింద మెడ దగ్గర కొట్టి ఉంటుంది, ఇంజిన్ నంబరు ఇంజిన్ మీద, రెండూ కాగితాల్లో ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూసుకోండి. నంబరు చుట్టూ గీకినట్టు, కొత్త రంగు వేసినట్టు ఉంటే ఏ కథ చెప్పినా వినొద్దు. పేరు ఎవరిదో, అమ్మేది ఆ మనిషేనా, అప్పు ఏమైనా మిగిలుందా, దొంగబండ్ల జాబితాలో ఉందా, ఇవి మీ దగ్గర ఉన్న అధికారిక పద్ధతిలో చూసుకోండి. రెండో తాళం అడగండి. ఇక 19,000 నిజమా కాదా అన్నదానికి పాత సర్వీసు బిల్లుల మీద ఉన్న రీడింగులే సాక్ష్యం. అవి లేకపోతే ఫుట్‌బోర్డు రబ్బరు, గేర్ పెడల్ రబ్బరు, గ్రిప్పులు, సీటు, డిస్కు అంచున లేచిన గట్టు చూడండి, 19,000కి రబ్బరు గీతలు చెరిగిపోయేంత అరగవు. అన్నీ కొత్తవే వేసి ఉంటే ఎందుకు మార్చారో అడగండి.

ధర దగ్గర నా పద్ధతి ఇది. మూడేళ్ళు నిలబడిన బండికి కొన్ని ఎలాగూ ఖాయం, రెండు టైర్లు ట్యూబులతో, బ్యాటరీ, కార్బ్యురేటర్ల క్లీనింగ్, ఇంజిన్ ఆయిల్, గేర్ డబ్బా ఆయిల్, బ్రేక్ ఆయిల్, గొట్టం, ఫోర్కు సీళ్ళు, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్. వెళ్ళే ముందే మీ మెకానిక్‌ని అడిగి వీటన్నిటికీ కూలితో సహా ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. అక్కడికి వెళ్ళాక ఓనరు ముందు ఆ కాగితం పెట్టి, ఇందులో మీరు ఈమధ్య చేయించినవి ఏవో బిల్లు చూపిస్తే కొట్టేస్తాను, మిగతావి ధరలోంచి తగ్గించండి అనండి. బండిని తిట్టి ధర తగ్గించే బేరం నాకు నచ్చదు, ప్రేమగా పెట్టుకున్నవాడిని అది బాధపెడుతుంది, పైగా పని చెయ్యదు. లెక్క చూపిస్తే మాత్రం చాలామంది ఒప్పుకుంటారు. సైలెన్సర్లకి, లెదర్ బ్యాగులకి, వైట్‌వాల్‌కి విడిగా డబ్బులు కలపొద్దు.

ఇది కుదరకపోతే దిగులు పడక్కర్లేదు, ఈ తరహాలో మంచి బళ్ళున్నాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ కావాలంటే 2006లో వచ్చిన కవాసాకి వల్కన్ 900 క్లాసిక్ చూడండి, 903 సీసీ, నీళ్ళతో చల్లారుతుంది, బెల్ట్ డ్రైవ్, నిలబెట్టినా కార్బ్యురేటర్ బండి అంత ఇబ్బంది పెట్టదు, కాకపోతే బెల్టు పళ్ళ మధ్య పగుళ్ళు, రాయి గుచ్చుకున్న రంధ్రాలు చూడాలి. హోండా షాడో 750లో 2004 నుంచి వచ్చిన ఏరో మోడల్‌కి షాఫ్ట్ ఉంటుంది, అంతకుముందు వచ్చిన ఏసీఈ మోడల్‌కి చెయిన్. హార్లీ వైపు మనసు పోతే 1999 నుంచి 2006 దాకా వచ్చిన ట్విన్ కామ్ ఇంజిన్లలో క్యామ్ చెయిన్ టెన్షనర్ల మీద ప్లాస్టిక్ దిమ్మ అరిగి ముక్కలు ఆయిల్ పంపులోకి పోయే సమస్య ఉంది, అది మార్చినట్టు బిల్లు లేకుండా తీసుకోవద్దు.

మీ బండి విషయంలో నా తీర్పు ఇదీ. ట్యాంకు లోపల శుభ్రంగా ఉండి, చల్లని ఇంజిన్ రెండు సిలిండర్ల మీద లేచి, చోక్ తీసినా నిలబడి, హ్యాండిల్ ఆపులు సరిగ్గా ఉండి, నంబర్లు కలిస్తే, టైర్లు బ్యాటరీ లాంటివన్నీ పోయినా సరే తీసుకోండి, ఆ ఖర్చు తగ్గించుకుని. ట్యాంకులో తుప్పు, చోక్ మీద మాత్రమే నడవడం, ఈ రెండూ కలిసి కనబడితే పెట్రోలు దారి మొత్తం విప్పాలి, అప్పుడు ధర బాగా దిగితేనే. స్టార్ట్ అవ్వట్లేదు, "బ్యాటరీ పెడితే చాలు" అంటే మాత్రం ఆ బ్యాటరీ వాళ్ళనే పెట్టమని చెప్పి, నడిచాక మళ్ళీ వెళ్ళండి.

వెళ్ళినప్పుడు టార్చి, అయస్కాంతం, మల్టీమీటర్, చిన్న స్పానర్, నీళ్ళ స్ప్రే సీసా పట్టుకెళ్ళండి, పగటి వెలుతురులో వెళ్ళండి, వాన పడుతుంటే వెళ్ళొద్దు, తడి మీద ప్రతీ రంగూ బాగానే కనబడుతుంది. టైరు కోడ్లు, ట్యాంకు లోపల, హ్యాండిల్ ఆపులు రెండు వైపులా, స్పార్క్ ప్లగ్గులు, సీటు కింద వైర్లు, వీటి ఫొటోలు దగ్గరగా తీసి పంపండి, చల్లని ఇంజిన్ స్టార్ట్ అవుతున్నప్పుడు ఒక వీడియో కూడా, సౌండ్‌తో. అవి చూసి ఏది ఎంత పనో నేను చెప్తాను.